తారాబాయి కణుపుల గడియారం

కామాఠిపురలో ఆ మూడంతస్తుల ఇరుకిళ్ల చాల్‌కి నీళ్లమ్మ తారాబాయి. ఇరవై రెండేళ్లుగా మోటారు గది తాళంచెవి ఆమె కొంగునే ఉంది. కార్పొరేషన్ నీళ్లు వచ్చే వేళకు గది తెరిచి మోటారు వేస్తుంది, నలభై ఇళ్లలో బిందెలు నిండుతాయి. జీతం లేదు. ‘తారాబాయి నీళ్లు ఇడిసింది’ అని పిల్లలు అరుస్తుంటే ఆమె ముఖం చూడాలి, మంత్రులకు కూడా అంత దర్జా ఉండదు.

మొన్న పైపుల పని వల్ల నీళ్ల వేళలు మారాయి. చాల్ సెక్రటరీ శంకర్రావు ఫోన్లో వచ్చిన అంకెలను ఉన్నవి ఉన్నట్టు కాగితం మీదికి దింపి మెట్ల దగ్గర అంటించాడు: 17:00. తారాబాయి బడి మొహం చూడలేదు గానీ అంకెలు పోల్చగలదు. గడియారంలో పదిహేడు ఎక్కడా లేదు కదా, ఏడే అయ్యుంటుందనుకుంది. ఏడుకు తీరిగ్గా వెళ్లి మోటారు వేస్తే పైపు గుర్రుమంది తప్ప చుక్క రాలేదు. ఐదుకు వచ్చిన నీళ్లు ఆరుకే వెళ్లిపోయాయి.

“టైం సమజ్ గాకుంటే చావీ ఎందుకు కొంగుకు గట్టుకున్నవ్? ఇటియ్యి” అన్నాడు శంకర్రావు అందరి ముందూ.

ఆమె ఇచ్చేసింది. తారాబాయి నోరు మూతపడటమంటే ఫాక్‌లాండ్ రోడ్డు మీద హారన్లు ఆగిపోవడమే. ఆ పూట అన్నం కూడా సయించలేదు పాపం.

“సోపం ఆహే ఆజీ, సులువే! పన్నెండు తీసెయ్, అంతే” అంది మనవరాలు దర్శన, సగం మరాఠీ, సగం తెలుగు.

“తీసుడు నాకెట్లొస్తది బిడ్డా? నాకు లెక్కవెట్టుడే ఎరుక.”

ఆ లెక్క పెళ్లికి ముందు సిమెంటు తట్టలు మోసిన రోజుల్లో నేర్చింది. బొటనవేలితో మిగతా నాలుగు వేళ్ల కణుపులు తాకుతూ పోవాలి. వేలికి మూడు, చేతికి పన్నెండు. పన్నెండు నిండితే చెయ్యి మార్చాలి.

“అయితే పదిహేడు దాకా అట్లనే లెక్కపెట్టు” అంది దర్శన.

ఎడమచెయ్యి నిండింది. కుడిచేతికి మారింది. పదమూడు, పద్నాలుగు... ఐదో కణుపు మీద బొటనవేలు ఆగింది.

“అయిదు! అయిదేనే! ఎడమచెయ్యి నిండితే పగటీలి పన్నెండు, ఆడికెల్లి కుడిచెయ్యి!”

ఇక పట్టపగ్గాల్లేవు. రెండు రోజుల్లో ఇరవైమూడు దాకా తడుముకోకుండా చెప్పేసింది. సున్నా అంటే రెండు చేతులూ ఖాళీ, అర్ధరాత్రి. తాళంచెవి మాత్రం శంకర్రావు జేబులోనే ఉంది. అడిగితే చులకనవుతానని ఆమె, ఇస్తే తగ్గినట్టవుతుందని ఆయన.

శుక్రవారం మధ్యాహ్నం ఆమె వరండాలో బట్టలు ఆరేస్తోంది. తెల్లచొక్కా తొడుక్కున్న శంకర్రావు ఒళ్లో ఫైలు పెట్టుకుని నిదానంగా చాయ్ తాగుతున్నాడు.

“యాడికన్నా?” ఉండబట్టలేక అడిగింది.

“గుండె డాక్టర్ తాన్కి. రెండు నెల్లకు దొరికింది నంబర్. నాలుగుంబావుకు. ఇంక మస్తు టైముంది.”

ఫోన్లో ఆసుపత్రి వాళ్లు పంపిన మెసేజ్ చూపించాడు. 14:15. ఆమె బొటనవేలు కణుపుల మీద నడిచింది. ఎడమచెయ్యి నిండగా కుడిచేతికి రెండు. గోడ గడియారంలో ఒకటిన్నర దాటింది. నిజం చెప్పొద్దూ, ఆమెకు క్షణంపాటు కడుపు చల్లబడింది. మరుక్షణం ఆయన గుండె జబ్బు తలపుకొచ్చి భయమేసింది.

“నాలుగుంబావు గాదన్నా, రెండుంబావు! ఉరుకు! చాయ్ ఆడ వెట్టి టాక్సీ వట్టు!”

శంకర్రావు ఫోన్ చూశాడు, ఆమె వేళ్లు చూశాడు. ముఖం పాలిపోయింది.

“నేను గూడ గదే జేసిన్నా అక్కా?”

ఇన్నేళ్లలో అక్కా అనడం అదే మొదలు. గబగబా నాలుగు మెట్లు దిగి, మళ్లీ పైకొచ్చి, జేబులోంచి తాళంచెవి తీసి ఆమె తడిచేతిలో పెట్టాడు.

“అయిదుకు నేనొస్తనో రానో. నీళ్లు నువ్వే ఇడువు.”

ఆమె కళ్లు నిండాయి. “పో, పో, ముందుగాల నువ్వు పో” అని కసిరింది.