బ్యాటరీల సోమవారం

గుణదలలో ఒక నాయకుడు తన తండ్రి పేరిట పెట్టిన ట్రస్టులో నేను నాలుగేళ్లు పనిచేశాను. వినికిడి తగ్గినవాళ్లకు పరీక్ష చేసి, చెవి మిషన్లు ఉచితంగా అమర్చడం నా పని. మిషన్ పెట్టె మీద ఆయన ఫొటో ఉండేది. ఎమ్మెల్యే టికెట్ కోసమే ఇదంతా అని మా అందరికీ తెలుసు. జీతం తీసుకుంటూనే లోలోపల నవ్వుకునేదాన్ని.

ఒకరోజు కొల్లేటి వైపు నుంచి చేపలమ్మే పెద్దావిడ కోడలితో కలిసి వచ్చింది. మిషన్ పెట్టి ఆన్ చేశాను. ఆవిడ ఉలిక్కిపడి పైకి చూసింది.

"ఏంటమ్మాయ్ ఆ చప్పుడు?"

"ఫ్యానండీ, మామ్మగారూ."

"ఇన్నాళ్లూ ఇట్టాగే మోగుతుందా ఇది?"

తర్వాత కోడలి వైపు తిరిగి, "ఏదీ, నువ్వేదన్నా మాట్లాడు," అంది. ఆ పిల్ల "అత్తా" అని మాత్రం అంది. ఆవిడ రెండు చేతులతో కోడలి మొహం పట్టుకుంది. "నీ గొంతు ఇంత సన్నగా ఉంటదా!"

కాపురానికొచ్చి ఆరేళ్లయినా అత్తగారు తన గొంతు విన్నది అదే మొదటిసారట. ఆ పూటతో ఫొటోను చూసి నవ్వడం మానేశాను.

ఆ మిషన్లలో కందిబద్దంత బ్యాటరీలు వేయాలి. వారం పది రోజులకు అయిపోతాయి. ప్రతి నెలా మొదటి సోమవారం ట్రస్టులో నెలకు సరిపడా ఇచ్చేవాళ్లం. మైలవరం నుంచి, ఉయ్యూరు నుంచి, లంక ఊళ్ల నుంచి బస్సులెక్కి వచ్చేవాళ్లు. ఎన్నికలు దగ్గరపడ్డాక అదే రోజు సభ కూడా పెట్టారు. ముందు ప్రసంగం, తర్వాత బ్యాటరీలు. వేదిక వెనక నిలబడి చూస్తే షామియానా కింద కాలు పెట్టే చోటు లేదు. ఇంతమందిని ఇక్కడికి లాక్కొచ్చింది ఆ కందిబద్దంత వస్తువు.

ఆయన గెలిచారు. గెలిచాక కూడా సభలు ఆగలేదు. ఒక నెల ఆయన మాట్లాడుతుండగా చేపలమ్మే ఆ పెద్దావిడ ముందు వరసలోంచి లేచి నిలబడింది.

"బాబుగారూ, మా ఊళ్లో ఓ ముసలాయన మంచాన పడున్నాడండీ. ఆయనక్కూడా మిషన్ తవరే ఇచ్చారు. సభకి రాలేదని బ్యాటరీలు ఇయ్యటంలేదు. తవరి ప్రసంగం వినేవోళ్లకే చెవులుండాలా అండీ?"

కార్యకర్తలిద్దరు ఆవిడ వైపు కదిలారు. ఆయన చెయ్యెత్తి ఆపి, మావైపు తిరిగారు. "ఎవరు ఇవ్వొద్దన్నారు?"

ఆ నియమం ఆయనదే. అది ఆయనకూ గుర్తొచ్చినట్టుంది, మళ్లీ మైకు వైపు తిరిగారు.

"తప్పు నాదేనమ్మా. వచ్చే నెల నుంచి ఊళ్లకే పంపిస్తాను."

పంపించారు. బ్యాటరీల కవరు మీద ఫొటో ఇంకాస్త పెద్దదైంది, అది వేరే సంగతి.

వాళ్ల ఊరికి మొదటిసారి పట్టుకెళ్లింది నేనే. ముసలాయన మిషన్‌లో బ్యాటరీ వేసి చెవికి పెట్టాను. ఆయన కళ్లు మూసుకున్నాడు. నేను వెళ్లొస్తానని లేచి తలుపు దగ్గరకు వేయబోతే, "వెయ్యకమ్మా," అన్నాడు. "వీధిలో జనం ఏదో అనుకుంటున్నారు. విననీ."