మా పంపు నీళ్లు

నా చిన్నప్పుడు, తొమ్మిదేళ్లు నిండిన ఏడు, హార్బరు పనికి వెళ్లిన మా నాన్న తిరిగి రాలేదు. మూటలు మీద పడి అక్కడే పోయాడన్నారు. తొండియార్‌పేటలో ఒక్క గది. అందులో అమ్మ, నేను, రెండేళ్ల తమ్ముడు. అమ్మ నెల రోజులు చాప మీద నుంచి లేవలేదు. లేచేసరికి పొయ్యి మీద పెట్టడానికి ఇంట్లో ఏమీ మిగల్లేదు. తమ్ముడు ఆకలికి ఏడ్చి ఏడ్చి చివరికి ఏడవడం కూడా మానేశాడు. నాకు అప్పుడే అసలు భయం పట్టుకుంది.

ఒక మధ్యాహ్నం ఎదురింటి పెద్దమ్మ గిన్నెడు సాంబారన్నం తెచ్చిపెట్టింది. అడుగు దాకా నాకేశాం. నేనేదో ఘనకార్యం చేస్తున్నట్టు గిన్నె తళతళా తోమి, పరుగున వెళ్లి ఇచ్చి వచ్చాను. అమ్మ నా వీపు మీద ఒక్కటిచ్చింది. పొరుగువాళ్ల గిన్నెను ఉత్తదిగా తిప్పి ఇవ్వకూడదు. గుప్పెడు చక్కెరో, రెండు అరటిపళ్లో వేసి ఇవ్వాలి. మా వాళ్లలో అదొక పట్టింపు. మా చక్కెర డబ్బా ఎప్పుడో ఖాళీ అయిపోయింది.

మర్నాడు పెద్దమ్మ మళ్లీ గిన్నెతో వస్తే అమ్మ గుమ్మంలోనే ఆపేసింది.

"వద్దక్కా. మేము తినేసినాము."

అమ్మ వెనకే నిలబడి ఆ అన్నం వాసన పీల్చాను. ఆ రోజు అమ్మ మీద వచ్చినంత కోపం నాకు జన్మలో ఇంకెవరి మీదా రాలేదు. తమ్ముడి ప్రాణం కంటే నీకు నీ పరువే ఎక్కువా అని అరవాలనిపించింది.

పెద్దమ్మ అమ్మ ముఖం చూసి, గదమాయించింది.

"నేనేమన్నా ఊరికే ఇస్తా ఉండానా? మా పంపు నీళ్లు ఒకటే ఉప్పు. పప్పు ఉడకనే ఉడకదు. ఈ అన్నం వేరే దాంట్లో వేసుకోని, గిన్నె నిండా మీ పంపు నీళ్లు పోసియ్యి. దినామూ ఇయ్యాల, చెప్తా ఉండా!"

అమ్మ గిన్నె అందుకుంది. ఆ ఏడంతా అన్నం ఇటు వచ్చింది, నీళ్లు అటు వెళ్లాయి. మేం బతికాం.

కొన్ని నెలలకు వాళ్లింట్లో ఆడుకుంటూ దాహమేసి వాళ్ల పంపు కొట్టుకుని తాగాను. అచ్చం మా నీళ్లే! పరుగెత్తుకొచ్చి పెద్దమ్మ అబద్ధం బయటపెట్టాను.

అమ్మ తలెత్తలేదు. "ఆ పొద్దే తెలుసు నాకు. మీ కడుపు నిండితే చాలని నమ్మినట్టు ఉన్నా. నువ్వు ఆడికి పోయి వాగబాక."

పోయిన ఏడు మా ఆయనకు పక్షవాతం వచ్చింది. మాధవరంలో మా ఫ్లాటులో ఆయన్ను ఒక్కదాన్నే లేపలేక, ఇద్దరం నేల మీద పడి ఏడ్చిన రోజులున్నాయి. పై అంతస్తు అమ్మాయి పాపం ఎన్నిసార్లు వచ్చి అడిగినా, "ఏం ఫరవాలేదమ్మా" అని తలుపు వేసేదాన్ని. అంత పొగరు నాకు. ఇన్నేళ్లూ ఈ కథ చెప్పినప్పుడల్లా పెద్దమ్మనే మెచ్చుకున్నాను. ఆ గిన్నె అందుకోవడానికి అమ్మ ఎంత దిగమింగిందో ఒక్కసారైనా ఆలోచించలేదు. మమ్మల్ని బతికించింది వాళ్లిద్దరూ. ఇద్దరికీ చేతులెత్తి దణ్ణం పెడుతున్నాను.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున ఆయన మంచం దిగబోయి పడిపోయారు. చప్పుడు విని ఆ అమ్మాయే పరుగున దిగి వచ్చింది. "సాయం కావాలా ఆంటీ?" అంది.

తలుపు బార్లా తీశాను. "కావాలి తల్లీ. నా వల్ల కావడం లేదు. లోపలికి రా" అన్నాను.