గంగమ్మ మలుపులో తిలాపాపం

చేతికొచ్చిన కారును, మామగారి దగ్గర సంపాదించిన పరువును ఒక మనిషి ఒకే ఉదయం, ఎద్దుబండి కంటే నెమ్మదిగా పోతూ పోగొట్టుకోగలడా? ఎందుకు పోగొట్టుకోలేడండీ, నేను చేసి చూపించాను. అసలు నా కొంప ముంచింది ఆ చేసి చూపించడమే. ఆ కథే చెబుతాను, మీరు హాయిగా నవ్వుకోండి. మా ఆవిడ ఇన్నేళ్ళుగా నవ్వుతూనే ఉంది, మీరు నవ్వితే కొత్తగా పోయేదేమీ లేదు.

కారు మా మామగారిది. ఆయన కోలారు బంగారు గనుల్లో వైండింగ్ ఇంజన్ డ్రైవరు. అంటే కార్మికుల్ని ఇనుపబోనులో పాతాళానికి దించి, మళ్ళీ పైకి లాగే యంత్రం ఆయన చేతిలో ఉండేదన్నమాట. తన సర్వీసంతా ఆ బోనులో ఒక్క మనిషి మోకాలు కూడా అదరలేదని ఆయన చెప్పుకుంటారు. చెప్పుకుంటారంటే రోజూ చెబుతారు. గనులు మూతపడ్డాక చెయ్యి ఊరుకోక పాత కారొకటి కొన్నారు. కొన్నాళ్ళకు కళ్ళు మసకలు కమ్మితే, మనసు చంపుకుని తాళం నా చేతిలో పెట్టారు. అప్పటిదాకా గనుల పక్కనున్న మా కోరమండల్ పేట నుంచి కోలారులో ఆఫీసుకు రెండు బస్సులు మారి, చొక్కా నలిగి, చెప్పు తెగి చేరేవాణ్ణి. ఆ తాళం నాకు తాళం కాదండీ, మోక్షం.

మోక్షానికి మామగారు ఒక షరతు పెట్టారు. “బండికి దెబ్బ తగిలితే తగలనీప్పా, అది ఇనుమే కదా. కానీ తప్పు నీది కాకూడదు. ఆవగింజంత నీది ఉండాదని తేలినా తాళం ఈడ పెట్టేసి బస్సెక్కు” అన్నారు. నేను పెద్ద మనసుతో ఒప్పుకున్నాను. నా డ్రైవింగు మీద నాకున్న నమ్మకం అలాంటిది.

నేను ఆఫీసుకు పోయే బంగారుపేట దారిలో ఒక మలుపుంది. మలుపు మూలలో గంగమ్మ గుడి. గుడి పక్కనుంచి పల్లెబాట ఒకటి వచ్చి పెద్దరోడ్డులో కలుస్తుంది. ఒకరోజు పొద్దున నేను పెద్దరోడ్డు మీద నా మానాన పోతున్నాను. మునిరాజు అనే పాడిరైతు పాలు డెయిరీలో పోసి, ఖాళీ క్యాన్లు వేసుకుని, ఏదో పని మీద ఆ పల్లెబాటలోంచి వ్యానుతో బయటికొచ్చాడు. ఠప్పుమంది. నా కారు ఎడమ దీపం పగిలింది, అతని వ్యాను కుడిమూల సొట్టపోయింది, క్యాన్లన్నీ దొర్లి ఊరంతా వినిపించేలా మోగాయి. మనుషులకు గీత కూడా పడలేదు.

మునిరాజు దిగాడు, సొట్ట చూసుకున్నాడు, నా దీపం చూశాడు. “పోనీలేన్నా, సగం నీది, సగం నాది. ఎవరిది వాళ్ళు చేయించుకుందాం. రా, టీ తాగుదాం” అన్నాడు. టీ అంగడాయన కూడా అదే తీర్పు చెప్పి గ్లాసులు కడగడం మొదలుపెట్టాడు. మా వైపు రోడ్డు మీద తగాదాలు అలాగే తీరతాయి. బుద్ధిమంతుడైతే టీ తాగి వెళ్ళిపోయేవాడు. కానీ నా చెవిలో మోగింది ‘సగం నీది’ అన్న మాట ఒక్కటే. ఆవగింజకే తాళం పోతుందంటే సగానికి ఏం పోతుందో మీరే లెక్కేసుకోండి. టీ వద్దన్నాను, ఇన్సూరెన్సులోనే తేల్చుకుంటానన్నాను. గోటితో పోయేదానికి గొడ్డలి కూడా చాలదని ఏకంగా రంపపు మిల్లుకే బయలుదేరాను.

మామగారి పొదుపు పుణ్యమా అని మా కారుకు థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు మాత్రమే ఉంది. అంటే నేను గుద్దితే ఎదుటివాడికి డబ్బొస్తుంది గానీ నాకు రాదు. నాకు రావాలంటే మునిరాజు వ్యాను కంపెనీ ఇవ్వాలి. ఆ కంపెనీకి అర్జీ రాశాను. ప్రభుత్వ గుమాస్తాను కదా, రాయడం మొదలుపెడితే నా చెయ్యి నా మాట వినదు. ‘రెండు చేతులూ స్టీరింగు మీద, రెండు కళ్ళూ రోడ్డు మీద ఉంచి, సకల నిబంధనలనూ పాటిస్తూ ప్రయాణిస్తుండగా’ అని ఎత్తుకుని మూడు పేజీలు లాగించాను. కంపెనీ నుంచి ఒక్క వాక్యం జవాబొచ్చింది. తప్పు ఇద్దరిదీ కనుక ఖర్చులో సగం ఇస్తారట.

మళ్ళీ రాశాను. మళ్ళీ సగమన్నారు. కోలారులో వాళ్ళ ఆఫీసుకు వెళ్ళి కూర్చున్నాను. నష్టం లెక్కగట్టే వాళ్ళ సర్వేయరు సన్నగా, ఎండిన మునగకాయలా ఉండేవాడు. నేనెంత అరిచినా అతను గొంతు పెంచడు, అదొక మంట. పెద్దరోడ్డు మీద పోయేవాడిదే మొదటి హక్కు అని నేనన్నాను. వ్యాను అప్పటికే రోడ్డెక్కేసిందని అతనన్నాడు. నేను హారన్ కొట్టానన్నాను. మునిరాజు కూడా కొట్టానంటున్నాడని అతనన్నాడు.

“సార్, డబ్బు తక్కువ అని కదా మీ బాధ? కొంచెం చూసి వేయిస్తాను” అన్నాడు చివరికి జాలిపడి.

“డబ్బు మీరే పెట్టుకోండి. తప్పు నాది కాదని రాసివ్వండి, చాలు” అన్నాను.

అతను పెన్ను కింద పెట్టి నన్ను ఎగాదిగా చూశాడు. అలాంటి కస్టమరు అతని సర్వీసులో తగిలి ఉండడు.

ఇంట్లో మామగారు రోజూ సాయంత్రం తేలిందా అని అడిగేవారు. తేలుతూ ఉందని చెప్పేవాణ్ణి. కళ్ళు మాత్రం గోడకు తగిలించిన తాళం మీదే ఉండేవి, ఆయనవీ నావీ కూడా. ఒకరోజు ఆయనే దారి చూపించారు.

“కాగితాల్లో యాడ తేలుతుందప్పా? గనిలో ప్రమాదమైతే మేం ఏం చేస్తావుంటిమి? ఎవరు యాడ నిలబడింటే ఆడే నిలబెట్టి, జరిగింది జరిగినట్టు మళ్ళా చేయిస్తావుంటిమి. నిజం దానంతటదే బయటికొస్తుంది” అన్నారు.

నాకు ప్రాణం లేచొచ్చింది. మర్నాడే సర్వేయరు కాళ్ళావేళ్ళా పడ్డాను. నా పీడ విరగడవుతుందనుకున్నాడేమో, సరేనన్నాడు. మునిరాజు మాత్రం వద్దంటే వద్దన్నాడు. “ఒకసారి తగిలింది చాల్లేదా అన్నా? గమ్మునుండు” అని బతిమాలాడు. వినే రోజులా అవి?

ఆదివారం పొద్దున అందరం గంగమ్మ మలుపులో చేరాం. కొత్త దీపం అప్పు చేసి వేయించాను, కారు కడిగి తుడిచాను. సర్వేయరు గుడిమెట్టు మీద నిలబడి ఫోనులో వీడియో తీస్తాడు. నేను పెద్దరోడ్డు మీద, మునిరాజు పల్లెబాటలో నడక వేగంతో రావాలి. బారెడు దూరం ఉండగా ఇద్దరం ఆపేయాలి. సాక్షిగా మామగారు నా పక్క సీట్లో, ఇస్త్రీ చొక్కాతో, గని విచారణకు వచ్చిన పెద్ద ఇంజనీరులా బిగుసుకుని కూర్చున్నారు.

బయలుదేరాను. ఈడే గేరు మార్చాను మామా, ఈడే హారన్ కొట్టాను మామా అని వ్యాఖ్యానం చెబుతూ కారు పోనిచ్చాను. ఆయన ఊఁ కొడుతున్నారు. ఎదురుగా మునిరాజు వ్యాను ముక్కు కనబడింది. అంతా అచ్చు ఆనాటిలాగే ఉంది. నా నిర్దోషిత్వం ఇంకో నాలుగడుగుల్లో ఉందనుకున్నాను.

ఠప్పుమంది.

కళ్ళు తెరిచి చూశాను. అవునండీ, తెరిచి. తెరిచానంటే అప్పటిదాకా మూసుకుని ఉన్నాననే కదా. నా రెండు చేతులూ స్టీరింగు మీద లేవు, గుండెల దగ్గర జోడించి ఉన్నాయి. అద్దంలోంచి చూస్తే ఎదుటి బండిలో మునిరాజు ఇంకా చెంపలేసుకుంటున్నాడు. అమ్మవారి గుడి ముందుకొస్తే దండం పెట్టడం మా చిన్నప్పటి అలవాటు. అలవాటు మనల్ని అడిగి చేయిస్తుందా? రోజూ ఆ మలుపులో రెండు క్షణాలు కారును గంగమ్మకే వదిలేస్తున్నానన్న సంగతి నాకే తెలియదు. అటు మునిరాజుకూ తెలియదు. ఇద్దరు భక్తులు ఎదురుబొదురుగా వస్తే ఆ తల్లి మాత్రం ఎవర్ని ఆపుతుంది?

కోపంతో పక్కకు తిరిగాను. పక్కన సాక్షి ఉన్నాడు కదా, ఒక్క కేక వేయొచ్చు కదా! మామగారు చేతులు జోడించి, కళ్ళు గట్టిగా మూసుకుని, ఇంకా ఏదో మొక్కుకుంటూ ఉన్నారు. నా తాళం కోసమేనేమో, అడగలేదు.

సర్వేయరు టీ అంగడి దగ్గర ఆ వీడియో మూడుసార్లు చూశాడు. మునిరాజు కూడా చూసి, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. కొత్త దీపం మళ్ళీ పగిలింది. వ్యాను సొట్ట పక్కన ఇంకో సొట్ట పడింది.

“సార్, మొదట సగంసగమని అందాజుగా రాసినాను. ఇంగ ఇప్పుడు కళ్ళారా చూసినాను. చూసినట్టే రాస్తాను” అన్నాడు సర్వేయరు, ఎప్పటిలాగే గొంతు పెంచకుండా.

రాశాడు మహానుభావుడు. మొదటి గుద్దులో తప్పు చెరిసగం. రెండోది కోరి గుద్దుకున్నది కనుక పైసా రాదు. చివర ఇంకో వాక్యం కూడా ఉంది: ముందు సీట్లో కూర్చున్న పెద్దాయన కూడా రోడ్డు చూడలేదు.

ఆ కాగితం ఇంటికొచ్చిన సాయంత్రం తాళం పోయిందని నిశ్చయించుకున్నాను. మా ఆవిడ నా బస్సు సంచి దులిపి మరీ బయట పెట్టింది. మామగారు కాగితం చదివించుకున్నారు. నా సగం దగ్గర ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. చివరి వాక్యం దగ్గర కుర్చీలోంచి లేచారు.

“నేను చూడలేదా? నా సర్వీసులో ఒక్క రిమార్కు లేదప్పా. అంతమంది ప్రాణాలు ఈ చేతిలో పెట్టుకుని పని చేసినాను. నన్నా రోడ్డు చూడలేదనేది? కళ్ళు మూసుకోలేదు నేను, దించినాను అంతే” అన్నారు. ఆయన్ను అంత బాధలో నేనెప్పుడూ చూడలేదు. పాపం అనిపించింది, నిజంగానే అనిపించింది.

తర్వాత ఆయన గోడ దగ్గరికి నడిచి, తాళం తీసి, నా అరచేతిలో పెట్టి వేళ్ళు మూశారు.

“తాళం నీదేప్పా. ఎప్పటికీ నీదే. ఆ సర్వేయరును, మునిరాజును పిలువు. వచ్చే ఆదివారం పోయి ఇంకొకసారి గుద్ది చూపిద్దాం.”

దేనికోసం ఇంత రంపపు మిల్లు పెట్టానో అది నా గుప్పిట్లోనే ఉంది. వేడి బొగ్గు పట్టుకున్నట్టు ఉంది. తాళం తిరిగి గోడకు తగిలించి, మా ఆవిడ బయట పెట్టిన సంచి అందుకుని, మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను. ఈనాటికీ ఎక్కుతూనే ఉన్నాను.

కాబట్టి చదువరులారా, ఇందుమూలంగా ప్రకటించేదేమంటే: ఇకమీదట ఎవరైనా వచ్చి తప్పులో సగం నీదంటే మారు మాట్లాడను. ఆ సగమూ ఒప్పుకుని, మిగిలిన సగం కూడా అడిగి తీసుకుని, టీ డబ్బులు నేనే ఇస్తాను. గంగమ్మ తల్లి సాక్షిగా, రెండు కళ్ళూ తెరుచుకుని చేస్తున్న ప్రమాణం ఇది.