పొట్టేలు లేని పులుసు

పెళ్ళి భోజనాలు నిలబడి తినడం మొదలైనప్పటి నుంచి నాకొక చిన్న ఫిర్యాదు ఉంది. సాంబారులో మునక్కాయ ముక్క వేస్తారు. ఒక చేతిలో ప్లేటు, ఇంకో చేతిలో స్పూను. నమిలిన పిప్పి ఎక్కడ పెట్టాలో ఎవరూ చెప్పరు. విస్తరి ఉన్న రోజుల్లో దానికొక అంచు ఉండేది. ఇప్పుడు పెద్ద పెద్ద ఉద్యోగస్తులు పిప్పిని బుగ్గన పెట్టుకొని వధూవరులను ఆశీర్వదిస్తున్నారు. ఇందులో నా స్వార్థమేమీ లేదు, నేను మునక్కాయ తినను. మాంసం తింటాను, వంకాయ తింటాను, పెట్టినవాళ్ళు నొచ్చుకుంటారంటే కాకరకాయ కూడా తింటాను. మునక్కాయ ఒక్కటే తినను. ఎవరన్నా అడిగితే ఒంటికి పడదని చెబుతాను. అరవై ఏళ్ళుగా అదే చెబుతున్నాను గనక ఈపాటికి నిజమే అయివుంటుంది.

నేను బి.ఏ. చదవడానికి కర్నూలు పోయినప్పుడు అది రాజధాని. చదువు ముగిసేసరికి రాజధాని హైదరాబాదుకు పోయింది, నేను మా ఊరికి వచ్చినాను. ఇద్దరిలో ఎవరు బాగుపడినారన్నది ఇప్పుడు అనవసరం. మా ఊరు కంభానికీ మార్కాపురానికీ నడుమ, బస్సు దిగి చాలా దూరం నడిస్తే గానీ కనపడని చోట ఉండేది. తాత కాలం నుంచి గొర్రెలు, కొన్ని మేకలు, కొంచెం మెట్ట చేను. మార్కాపురంలో ఏదన్నా పంతులు పని దొరికేదాకా ఇంట్లో ఉండమన్నారు. ఉండినాను.

నేను వచ్చేసరికి ఇంట్లో మాంసం లేదు.

నాయనకు ఏళ్ళ తరబడి కడుపునొప్పి. గిద్దలూరు వైపు నుంచి వచ్చిన ఒక గురువు ఆయన మెడలో తులసిమాల వేసి, మాంసమూ సారాయీ రెండూ మానమన్నాడు. సారాయి నిషేధంలో ఉన్న రోజులే. మానడానికి సరిపడా మాత్రం దొరికేది. నాయన రెండూ మానినాడు, నొప్పి తగ్గింది. ఒకే రోజు మానడంతో దేనివల్ల తగ్గిందో తేల్చుకునే వీలు లేకపోయింది. ఇంట్లో నీసు వండించనని, ఇంటికోసం జీవాన్ని కోయించనని గురువు పాదాలు ముట్టి మాట ఇచ్చి వచ్చినాడు. మాంసం వండుకునే మట్టి చట్టిని అమ్మ దొడ్లోకి తీసుకుపోయి కంచె గుంజకు బోర్లించింది. గొర్రెలను అమ్మడం మాత్రం ఆగలేదు. కంభం సంతలో వాటిని కొన్నవాళ్ళు ఏం చేసుకుంటారో నాయన అడిగేవాడు కాదు, వాళ్ళూ చెప్పేవాళ్ళు కాదు.

మాంసం మానడం అంత కష్టం కాలేదు. దాని చోట ఏం పెట్టాలన్నదే ఎంతకీ తేలలేదు. అమ్మ ఒక్కొక్కటే పెట్టి చూసింది. కంద ముక్కలను మసాలాలో ఉడికించింది. ముక్క చూడడానికి బాగానే ఉండె గానీ తిన్నాక సాయంత్రం దాకా గొంతు గోక్కోవాల్సి వచ్చింది. అలసందలు రుబ్బి, గారెలు చేసి పులుసులో వేసింది. మొదటి పూట బాగుండె, రెండో పూటకు పులుసంతా గారెలే తాగేసి మాకేమీ మిగల్చలేదు. వానలు పడి చేలగట్ల మీద పుట్టగొడుగులు లేచినప్పుడు నాయన ముఖం వెలిగింది. "అచ్చం అట్లనే ఉండాది" అని మారు పెట్టించుకున్నాడు. మాంసం ఎట్ల ఉంటుందో తనకు ఇంకా జ్ఞాపకముందని అందరికీ తెలిసిపోయిందని అప్పుడు తట్టింది కాబోలు, సగంలో లేచి చెయ్యి కడుక్కున్నాడు. ఆ తరువాత పుట్టగొడుగులు కూడా వద్దన్నాడు.

తాత మాత్రం పెట్టింది తినేవాడు. ఆయనకు పళ్ళు పోయి చాలా కాలమైంది, కళ్ళకు పొర కమ్మి రెండేళ్ళు. ఎప్పుడూ పంచలో నులకమంచం మీదే. సాయంత్రం మంద తిరిగొచ్చే వేళకు లేచి కూర్చొని, అరుపులు విని ఏది వచ్చిందో ఏది రాలేదో చెప్పేవాడు. "కుంటిది వెనకబడింది, చూడండి" అనేవాడు. పోయి చూస్తే అది వెనకబడే ఉండేది. కర్నూలు నుంచి ఒక స్నేహితుడు వస్తే సాయంత్రం దాకా కూర్చోబెట్టి ఆ విద్య చూపించినాను, గారడీవాణ్ణి చూపించినట్లు.

ఆ ఏడు చలికాలంలో తాత మంచం దిగడం మానినాడు. సంగటి వద్దన్నాడు, గంజి వద్దన్నాడు. మూడు రోజులు నీళ్ళ మీద ఉండి, నాలుగో పొద్దున అవ్వను పిలిచి, "మూలగ బొమికెల పులుసు కాస్తావా" అన్నాడు. మూలగ అంటే బొమికె లోపలుండే గుజ్జు. పళ్ళు లేనివాళ్ళు కూడా జుర్రుకోవచ్చు. కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆయన ఫలానాది కావాలని నోరు తెరిచి అడగడం అదే మొదలని అవ్వ చెప్పింది. అంతకుముందు ఆయనకు అడిగే పని పెట్టలేదట ఆమె.

అవ్వ నేరుగా నాయన దగ్గరికి పోయింది.

"మందలో నుంచి ఒకదాన్ని పట్టుకురా."

"మాట ఇచ్చినాను గదమ్మా."

"మాట ఇచ్చింది నువ్వు. పోయేది ఆయన."

"ఇంట్లో కాకుండా, ఊర్లో ఎవరింట్లోనన్నా..."

"ఈ ఊరికంతా మాంసం పెట్టినోడు మీ నాయన. ఇప్పుడు ఆయన కోసం నేను గిన్నె పట్టుకొని ఇల్లిల్లూ తిరగాల్నా?"

నాయన చెడ్డవాడు కాడు. తులసిమాలను గుప్పిట్లో పట్టుకొని గడప మీద కూర్చున్నాడు, లోపలికీ రాక, బయటికీ పోక. అవ్వ వచ్చి తాత కాళ్ళ దగ్గర కూర్చుంది. ఆయన ఆ పులుసు తాగకుండా పోతాడేమోనన్నది తప్ప ఆమెకు ఆ పొద్దు వేరే ధ్యాస లేదు.

అప్పుడు నా బి.ఏ. పనికొచ్చింది. దానివల్ల జరిగిన మొదటి పని అదే. కర్నూలు హాస్టల్లో వంటాయన ఆదివారం రెండు గుండిగలు దించేవాడు. రెండింటికీ మసాలా ఒకటే. ఒకదాంట్లో మాంసం, మాంసం తిననివాళ్ళ గుండిగలో మునక్కాయ. కూరకు పేరు తెచ్చేది మసాలాయే గానీ ముక్క కాదని ఆయన సిద్ధాంతం. అమ్మకు అదే చెప్పినాను. మునక్కాయనూ చేత్తోనే పట్టుకుంటాం, గుజ్జు జుర్రుకుంటాం, మిగిలింది కంచం అంచున పెడతాం. మూలగ బొమికెకు చేసే మర్యాద కూడా అదే. నాయన మాట నాయనకుంటుంది, తాత పులుసు తాతకుంటుంది.

అమ్మ నా ముఖం చూసింది. "తాతను మోసం చేద్దామంటావు."

"మోసం ఏందమ్మా. మందు ఇస్తున్నామనుకో."

"ఏమో నాయనా, చదువుకున్నోడివి" అని అమ్మ లేచింది. ఆ మాటలో మెచ్చుకోలు ఉందనే అనుకున్నాను.

గుంజకు బోర్లించిన చట్టిని నేనే తెచ్చినాను. ఎన్నో ఏళ్ళ కొవ్వు పీల్చుకున్న మట్టి అది. పొయ్యి మీద వేడెక్కేసరికి దానంతట అదే వాసన వదిలింది. అల్లం, వెల్లుల్లి, ధనియాలు, గసగసాలు, ఎండుకొబ్బరి, చెక్క, లవంగం, పొట్టేలు కూరలో ఉండాల్సినవన్నీ ఉన్నాయి, పొట్టేలు తప్ప. గడప మీద నాయన ఆ వాసనకు తల పైకెత్తినాడు. తువ్వాలు భుజాన వేసుకొని చేనికి పోయినాడు. ఆ రోజుల్లో చేనిలో పనేమీ లేదు.

తాతను లేపి గోడకు ఆనించి కూర్చోబెట్టినాము. ముక్కను రెండు వేళ్ళతో తడిమి, నోట్లో పెట్టుకొని జుర్రినాడు. పిప్పిని కంచం అంచున పెట్టినాడు. రెండోది చేతికి తీసుకుంటూ అడిగినాడు.

"ఏ పొట్టేలురా?"

నేనది అనుకోలేదు. హాస్టల్లో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. అవ్వ స్తంభానికి ఆనుకొని నిలబడి ఉంది, అమ్మ తల వంచుకుంది.

"నల్లమచ్చది, తాతా" అన్నాను. మందలో నేను గుర్తుపట్టగల పొట్టేలు అదొక్కటే.

తాత చెయ్యి ఆగింది. "వానలో రాయి చాటున పుట్టింది అది. తల్లి పాలియ్యలేదు. మీ అవ్వ ఒళ్ళో పెట్టుకొని తాపింది." చేతిలోని ముక్కను కంచంలో పెట్టినాడు. "దాన్నెందుకు కోసినార్రా?"

"నీకోసమే తాతా."

ఆయన కంచంలోదంతా నెమ్మదిగా తిన్నాడు. చెయ్యి కడిగిస్తుంటే "బాగుండాది" అన్నాడు.

నేను చేనికి ఎదురుపోయి నాయనకు చెప్పినాను, తిన్నాడని, బాగుందన్నాడని. నాయన అక్కడే చేలో నిలబడి దండం పెట్టినాడు, గురువుకో తాతకో తెలియలేదు. ఆ సాయంత్రం నేను ఇంట్లో లేను. కంభం పోయి, టీ కొట్టు దగ్గర ఇదే కథను నలుగురికి చెప్పి నవ్వించినాను. ఏ పొట్టేలురా అన్న చోట బాగా నవ్వినారు.

మర్నాడూ అమ్మ అదే పులుసు చేసింది. తాత ఈసారి ఏ పొట్టేలని అడగలేదు. అంతా తిన్నాడు. పిప్పినంతా కంచం అంచున వరసగా పెట్టి, నా చెయ్యి వెతుక్కొని, పట్టుకొని కాసేపు అట్లనే ఉండినాడు. ఆ మర్నాటి పొద్దున పోయినాడు.

నల్లమచ్చది మాత్రం రోజూ మందతో మేతకు పోయి వస్తూనే ఉండింది. వచ్చి, పంచలో ఖాళీ మంచం కోడుకు కొమ్ములు రాసుకునేది. నేను దాన్ని తప్పించుకొని తిరిగేవాణ్ణి. మనం చంపేసినదాన్ని రోజూ నీళ్ళకు తోలాల్సి రావడం అంత బాగుండదు. ఇప్పటికీ పొద్దుగూకే వేళ ఎక్కడన్నా గొర్రె అరిస్తే మాట మధ్యలో ఆగిపోతాను. మా ఆవిడ నాకు చెవుడు మొదలైందనుకుంటుంది. అట్లనే అనుకోనిచ్చినాను.

పదకొండో రోజు, పూడ్చిన చోట విస్తరి వేసి, పోయినాయనకు ఇష్టమైనవి వడ్డించి, కాకి ముట్టేదాకా దూరంగా నిలబడడం మా వైపు పద్ధతి. కాకి ముట్టకపోతే పోయినాయనకు ఏదో కొరత మిగిలిందని లెక్క. అప్పుడు ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే ముందుకు పోయి, ఆ కొరత ఇదేమోనని ఊహించి, తీరుస్తామని మాట ఇవ్వాలి. విస్తట్లో సంగటి, గారెలు, మునక్కాయ పులుసు. బాగుండాదన్నాడు గదా అని పులుసు నేనే పెట్టమన్నాను.

కాకులు వచ్చినాయి. తుమ్మచెట్టు మీద కూర్చొని చూసినాయి. దిగలేదు. ఎండ ఎక్కింది, సంగటి మీద పొర కట్టింది.

"అమ్మను బాగా చూసుకుంటా నాయనా" అన్నాడు నాయన. ఒక కాకి రెక్క కింద గీక్కుంది.

"మందను తెగనమ్మను" అన్నాడు. ఊహూఁ.

అమ్మ ముందుకు పోయి ఏదో గొణిగి వచ్చింది. తరువాత నన్ను తోసినారు. "తొందరగా ఉద్యోగం చూసుకుంటా తాతా" అన్నాను. రెండు కాకులు లేచి ఎగిరిపోయినాయి. ఉద్యోగం సంగతిలో అంతవరకు నాకు వచ్చిన జవాబులన్నిటిలోకీ అది సూటిగా ఉండె.

అప్పుడు నాయన మెడకు చెయ్యి పోనిచ్చి తులసిమాల తీసినాడు. దాన్ని గుప్పిట్లో పెట్టుకొని విస్తరి ముందుకు పోయినాడు. "ఏడాది దినానికి ఇంట్లోనే పొట్టేలును కోసి పెడతా నాయనా" అన్నాడు. గొంతు బాగానే ఉండె, మాల ఉన్న గుప్పిట మాత్రం విప్పలేదు.

నేను చూడలేకపోయినాను. పోయి ఆ చెయ్యి పట్టుకున్నాను.

"అక్కరలేదు నాయనా, మాల వేసుకో. తాతకు ఏ కొరతా లేదు. మాంసమనుకొనే తిన్నాడు, నల్లమచ్చదేనని నమ్మినాడు. బాగుండాదని తన నోటితోనే అన్నాడు."

అవ్వ అంతసేపూ నేల మీద కూర్చొని విస్తరినే చూస్తా ఉండింది. తల ఎత్తకుండానే అంది.

"తిన్న పొద్దే సాయంత్రం మంద ఇంటికొచ్చినప్పుడు నల్లమచ్చది పంచ ముందరే అరిచింది గదరా. మీ తాతకు పోయింది కళ్ళు, చెవులు కాదు."