పెద్దమ్మ దాచిన కొత్త

మా పెద్దమ్మ పోయిందన్న కబురు నిన్న పొద్దున్నే నేను పాఠం చెప్పే బడికి వచ్చింది. తెచ్చిన మనిషి ఆయాసపడుతూనే, "బేగి రా మేస్టరూ. నువ్వొచ్చేదాకా పాడె లేపొద్దని ఊరిపెద్ద సెప్పినాడు" అన్నాడు. ఏడుపుకంటే ముందు గుండె మీది బరువు దిగింది. చెప్పుకోవడానికి సిగ్గే, కానీ నిజం. బాప్తిస్మం తీసుకున్నవాణ్ణి ఆవిడ పాడె ముట్టనిస్తారో లేదోనని ఏళ్ల తరబడి బెంగపడ్డాను.

కొండ ఎక్కనివారికి ఒక మాట చెప్పాలి. మా దగ్గర ఊరంతా కలిసి దేవతకు 'కొత్త' పెట్టేదాకా ఆ ఏటి మామిడికాయ ఎవరూ కొరకరు. నేను క్రైస్తవంలో కలిసిన ఏడు, చదువుకున్న పొగరుతో సంతలో అందరూ చూస్తుండగా కాయ కొరికాను. ఊరు భగ్గుమంది. నన్ను వెలివేయడానికి పెద్దలు కూర్చున్నారు.

ఊరి దేవతను ఏనాడూ విడవని పెద్దమ్మ తిన్నగా పాదిరిగారి దగ్గరికి నడిచింది.

"మీ దేవుడికి పంటలో ముందేటి పెడతారు బాబూ?"

"ప్రథమ ఫలం, అమ్మా."

"అదేటి?"

"కొత్తగా కాసినది ముందు దేవుడికి ఇవ్వడం."

"ఓలమ్మా, కొత్తే కదేటి!" అని అక్కణ్ణుంచి పెద్దల ముందుకు వచ్చింది. "ఒక్క కాయ కొరికి ఇద్దరు దేవుళ్లకి కోపం తెప్పించినాడీ గుంటడు. ఇద్దరికీ కొత్త పెడతాడు. ఊరొగ్గీమంటే ఎలాగ?"

ముందు ఊరిపెద్దే నవ్వాడు. నేను ఇద్దరికీ పెట్టాను.

ఆదివారాలు ప్రార్థన ఇంటి అరుగు మీద, అడ్డపొగ చుట్ట నోట్లో పెట్టుకుని నాకోసం కూర్చునేది. "పాట బాగుంది గానీ డప్పేదిరా?" అనేది. నా కొత్త పేరు ఒక్కసారీ పలకలేదు. "పేరు మారితే ఆకలి మారిపోద్దేటి?" అని అన్నం పెట్టేది. ఆ అన్నం మీద కోపం తెచ్చుకోవడం నావల్ల కాలేదు.

నిన్న పాడె ముందు కొమ్ము నా భుజం మీదే పెట్టారు. తిరిగి వచ్చాక, ఆవిడ ఇంట్లో పొయ్యి పైన వాసానికి కట్టిన రెండు అడ్డాకు పొట్లాలు కనిపించాయి. రెండింటిలోనూ ఈ ఏటి మామిడికాయలే. ఊరింకా కొత్త పెట్టలేదు, ఆవిడ రుచి చూడనేలేదు.

రెండింటికీ ఒకేలాంటి ముడి. ఏది ఏ దేవుడిదో చెప్పే మనిషి లేదు. ఊరిపెద్దా నేనూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, చేతికి అందిన పొట్లం చెరొకటీ దించుకున్నాం.