అమావాస్య నాడు నేయని నేతగత్తె

హిందూపురంలో పట్టుగూళ్ళ మార్కెట్టు వెనక సందులో మేముండే ఇంటికి వానాకాలమంతా ఒక వాసన వస్తుంది. తడిసిన గూళ్ళదో, వాటిలో చచ్చిన పురుగులదో, చుట్టాలు వస్తే ముందు కిటికీ మూయమంటారు. నాకు మాత్రం ఆ వాసన తగిలితే ధర్మవరంలో రంగుల షెడ్డు పైన మిద్దెలో ఉండిన నెట్ సెంటరు గుర్తుకొస్తుంది. కింద గంగాళాల్లో సబ్బునీళ్ళతో పట్టు ఉడుకుతూ ఉంటే ఆ ఆవిరి మెట్లెక్కి వచ్చి కుర్చీల దూదిలోకి, మా జడల్లోకి దూరి, ఇంటికి పోయినా వదిలేది కాదు. ఆ వాసన వెనకాలే ఒక ఆట గుర్తుకొస్తుంది. ఎప్పుడో మూతపడిన ఆ ఆటను పోయిన నెలలో మళ్ళీ తెరిచారట. మీ పాత మనుషులు నిలబడిన చోటే నిలబడి ఉన్నారు, రండి అని నా ఫోనుకు కబురొచ్చింది.

ముందే చెబుతున్నాను, అది చెత్త ఆట. లేని రాజ్యమొకటి కట్టి, ఎక్కడెక్కడి వాళ్ళనో కంప్యూటర్ల ద్వారా అందులోకి పిలిచి, నువ్వు సైనికుడివి, నువ్వు వైద్యుడివి అని తలా ఒక వేషమిచ్చి తిరగమంటుంది. రాజుకు ఒకటే మాట వచ్చు. ఎన్నిసార్లు ఎదురుపడినా నా కూతుర్ని రాక్షసి ఎత్తుకుపోయిందనే అంటాడు, కానీ సింహాసనం మీది నుంచి లేవడు. నేను శాఖా గ్రంథాలయంలో కథల బీరువా అడుగు అర దాకా చదివేసి, పై అరలో చరిత్ర పుస్తకాలకు స్టూలు వేసుకుని ఎక్కినదాన్ని. చెదలు తిన్న పుస్తకంలో సగం పేజీలు లేని రాక్షసి కథ కూడా ఇంతకంటే నయం. అయినా ఈ ఆటకు మరొక అవకాశం ఇవ్వాలని పట్టుబట్టాను. అది మా రాజక్క కోసం.

అప్పట్లో ధర్మవరంలో మా ఇంట్లో మగ్గానికి నెలకొకసారే సెలవు, అమావాస్య నాడు. మిగతా దినాలన్నీ తెల్లవారక ముందే సందంతా టకటకమని మొదలయ్యేది. నాయన ఒక పూట, రాజక్క ఒక పూట మగ్గం కింది గుంతలో కాళ్ళు పెట్టి తొక్కుతూ కూర్చునేవాళ్ళు, నేను బడి నుంచి వచ్చి కండెలకు దారం చుట్టేదాన్ని. అమావాస్య పొద్దున మాత్రం మగ్గం దుమ్ము దులిపి, పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి, ఇంక దాన్ని ఎవరూ తాకేవాళ్ళు కాదు. ఆ దినం హోటలు నుంచి బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ కాగితంలో కట్టించుకొని వచ్చేవాడు నాయన. చెనిక్కాయల కాలమైతే రొద్దం ఊరి నుంచి చిన్నమ్మ పంపిన పచ్చికాయలు ఉప్పేసి ఉడకబెట్టేది అమ్మ. రాట్నం ముందు వయసంతా గడిపిన మా అవ్వ మాత్రం గడప దగ్గర ఊరికే కూర్చున్నా చేతులు ఊరుకోక, కొంగు అంచును వేలికి చుడుతూ, విప్పుతూ ఉండేది.

మధ్యాహ్నం ఉడికిన కాయలు ఒళ్ళో పోసుకొని అక్కా నేనూ నెట్ సెంటరుకు పోయేవాళ్ళం. దాన్ని నడిపే ఓబులేసన్న మొదటిసారి ఆట తెరిచి, వేషాల బొమ్మలు చూపించాడు.

"కత్తి తీసుకోండిమ్మా. అందరూ కత్తే తీసుకుంటాండారు."

"కత్తితో ఏం కోసేదిలేన్నా. అదో, ఆ మగ్గం బొమ్మ నొక్కు," అంది రాజక్క.

నాకు తల కొట్టేసినట్టయింది. "ఆడ గూడా మగ్గమేనా అక్కా? ఇంట్లో చాల్లేదా నీకు?"

"తెలిసిన పని. ఎవురి చేతా మాట పడే పన్లేదు."

సరే, నేతగత్తె వచ్చింది, గుడిసె వచ్చింది, గుడిసెలో మగ్గం వచ్చింది. మీట నొక్కితే గుడ్డ వస్తుందన్నారు. నేను చెయ్యి పెట్టబోతే అక్క దాని మీద ఒకటి వేసింది.

"తీయ్ చెయ్యి. ఈ పొద్దు అమావాస్య."

"ఇది ఆట కదక్కా."

"ఆటలో మగ్గం మగ్గం కాదా?"

మాకు అక్కడికి పోవడానికి తీరేదే అమావాస్య నాడు. అమావాస్య నాడు అక్క నేయదు. ఆ విధంగా ఆ రాజ్యం మొత్తానికి గజం గుడ్డ కూడా నేయని నేతగత్తె మాదే అయింది. మమ్మల్ని ఒక దండులో చేర్చుకున్నారు. దాని నాయకుడు ఏ పట్నం వాడో, సింహమని పేరు పెట్టుకున్నాడు. సింహాలకు అంత తీరిక ఉంటుందని నాకప్పటిదాకా తెలియదు. కోట మీదికి పోయే ముందు జెండాలు నేయమన్నాడు. ఈ రోజు అమావాస్య అని నేను టైపు కొట్టి పంపాను. పళ్ళికిలించే బొమ్మలు వరసగా వచ్చాయి. మీ ఊళ్ళో కంప్యూటరుకు కూడా పూజ చేస్తారా అని అడిగాడు.

"ఏం రాయల్లక్కా?"

"చేస్తామని రాయి. దసరాకు ఓబులేసన్న దీని ముందరే కదా గుమ్మడికాయ కొట్టింది."

దండు నుంచి వెళ్ళగొట్టారు. పని లేదు, యుద్ధం లేదు, ఊరికే నడిచాం. ఎవరూ పోని మూలకు పోతే ఒక నది ఉండేది. అదీ చెత్తగానే గీశారు. ఒడ్డున ఒకే చెట్టును వందసార్లు నాటారు, ఒక చోట నీళ్ళు ఎత్తుకు పారుతాయి. నెలంతా వంగి నేసిన నడుమును కుర్చీకి ఆనించి, కాయలు ఒలుచుకుంటూ అక్క ఆ నీళ్ళనే చూసేది. "మిట్టకు ఎక్కుతాండాయి చూడు, సిగ్గులేని నీళ్ళు," అని నవ్వేది. అంతగా నవ్వడం ఇంట్లో చూడలేదు.

తర్వాత ఆట మూశారు. మరమగ్గాలొచ్చి మా మగ్గమూ పోయింది. గుంత పూడ్చి సిమెంటు వేసి, దాని మీద ఫ్రిజ్జు పెట్టారు. అక్కను పెనుకొండకు ఇచ్చారు. ఇప్పుడు బస్సెక్కి బట్టల కంపెనీకి పోయి కాలర్లు కుడుతుంది. పట్టు అంగట్లోకి అడుగు పెట్టదు. ఎవరైనా మగ్గం మాటెత్తితే పొయ్యి మీద పాలున్నాయని లేచిపోతుంది. ఒక్కసారి, అబద్ధపు మగ్గం ముందరైనా సరే, ఆమె మళ్ళీ కూర్చుంటే చూడాలని నాకు.

తెరిచిన ఆటను ఫోన్లలో మంచిచెడ్డలు చెప్పే పెద్దమనుషులు అప్పుడే ఉతికేశారు. నిదానమట, చేయడానికేమీ లేదట. పుస్తకంలో మొదటి పేజీ తిప్పేలోగా ఆవలించే వీళ్ళు నిదానం గురించి తీర్పు చెబుతారు! వీళ్ళు మెచ్చే ఆటలు నాకు తెలుసు. ఒక దినం పోకపోతే గంట కొడతాయి, నీ వరస తెగిందని దెప్పుతాయి. అక్క కంపెనీలో సూపర్‌వైజరు వీటికంటే మర్యాదస్థుడు. ఆ చెత్త ఆట ఏనాడూ ఎందుకు రాలేదని మమ్మల్ని అడగలేదు.

మొన్న ఆదివారం అక్క వచ్చింది. ల్యాప్‌టాప్ తెరిచి ముందు పెట్టాను.

"ఇంకా ఉండాదా ఇది? కుళ్ళిపోలేదా?"

నది ఒడ్డున మా నేతగత్తె అదే మాసిన చీరలో నిలబడి ఉంది. గుడిసెకు నడిపించాను. మగ్గం కనిపించగానే అక్క లేస్తుందనుకున్నాను. లేవలేదు. తల తిప్పి గోడ మీది క్యాలెండరు చూసింది.

"ఈ పొద్దు అమావాస్య కాదు గదా?"

"కాదక్కా."

నొక్కింది. గుడ్డ ఊడిపడింది. దాన్ని పైకీ కిందికీ చూసి, "పడుగు లేదు, పేక లేదు, ఇది యాడనుంచి వచ్చె? అంచు గూడా లేదు. ఎవుడు కట్టుకుంటాడే దీన్ని," అని ఛీ కొట్టి, మళ్ళీ నొక్కింది. మళ్ళీ నొక్కింది. బల్ల కింద ఆమె పాదాలు ఒకదాని తర్వాత ఒకటి నేలను తొక్కుతున్నాయి.

సాయంత్రం బస్సుకు పోతూ గడప దగ్గర ఆగింది. "వచ్చే వారం అమావాస్య. ఆ పొద్దు దాన్ని తెరవగాకు." ఆ దినం ఆమె కంపెనీకి సెలవు లేదు.

ధర్మవరంలో మా సందు ఇప్పుడు తెల్లవారినా పలకదు. అక్కడ ఏడాది పొడుగునా అమావాస్యే. నెలకొకసారి మాత్రమే అమావాస్య వచ్చే చోటు మాకు ఇంకా ఒకటి మిగిలింది, అదీ ఆ చెత్త ఆటలో.