తీగ కింద వెలుతురు

ఒక అబద్ధాన్ని చాలా ఏళ్లుగా మోస్తున్నాను. దానివల్ల ఎవరి ప్రాణమూ పోలేదు, ఎవరి ఇల్లూ కూలలేదు. బయటికి చెబితే ‘ఇంతేనా’ అంటారేమో. అలా అంటారనే ఇన్నాళ్లూ చెప్పలేదా? లేక అనరేమోనని భయపడ్డానా? రోజూ నాలుగు ముక్కలు రాసుకునే అలవాటున్నవాణ్ని. ఆ రోజు గురించి మాత్రం వాన పడిందని రాసి ఊరుకున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

పటాన్‌చెరు దగ్గర ఒక కంపెనీలో ఇన్‌స్పెక్షన్ విభాగంలో పనిచేశాను. తయారైన షాఫ్టులు, అంటే యంత్రాల్లో తిరిగే ఉక్కు కడ్డీలు, నా బల్ల మీదికి వచ్చేవి. షాఫ్టు మీద ఉక్కు స్కేలు నిలబెట్టి, కన్ను దించి, స్కేలు కింద నుంచి వెలుతురు కనిపిస్తుందా అని చూడాలి. కనిపిస్తే ఆ షాఫ్టు వంగినట్టు. దాని మీద ఎర్ర సుద్దతో గీత గీసేవాణ్ని. నా గీతను ఎవరూ కాదనేవారు కాదు. పెళ్లి చేసుకోలేదు. బస్టాండు వెనక ఒక గదిలో కిరాయికి ఉండేవాణ్ని. ఆ గదికి వచ్చే మనిషి ఒక్కడే, యాదగిరి.

యాదగిరి మా కంపెనీలోనే ఫిట్టరు. భానూర్ వాడు, నాకన్నా చిన్నవాడు. డ్యూటీ దిగాక నా గది ముందు సైకిలు ఆపి, చాయ్ తాగి, ఒక ఆట చదరంగం ఆడి ఇంటికి పోయేవాడు. అతనికి అది ఇంటిదారిలో కాసేపు ఆగడం. నాకు రోజంటే ఆ కాసేపే. ఈ తేడా నాకు అప్పుడే తెలుసు. అతనికి తెలియకుండా జాగ్రత్తపడేవాణ్ని.

కంపెనీ క్వార్టర్స్‌లో థామస్ అని కేరళ నుంచి వచ్చిన వెల్డరు ఉండేవాడు. క్రిస్మస్ నాడు ఆయన గిటారు వాయించగా విన్నప్పటి నుంచి యాదగిరికి వేరే ధ్యాస లేదు. వాళ్లింట్లో తాతల నుంచి డప్పు ఉంది. ఇతనికి మాత్రం తీగల మీద మనసైంది. కొంతకాలానికి థామస్ కొత్త గిటారు తెప్పించుకుని పాతది అమ్ముతానన్నాడు. కొన్నవాళ్లకు రోజూ సాయంత్రం కూర్చోబెట్టి నేర్పిస్తానని కూడా అన్నాడు.

రోజూ సాయంత్రం. ఆ మాట యాదగిరి ఎంతో సంబరంగా చెప్పాడు. నేను బంటును ముందుకు జరుపుతూ విన్నాను.

“నువ్వొచ్చి సూడాలె అన్నా. పాత గిటార్లకు మెడ వంగుతదట. నీ కన్ను వడ్డంక వంకర దాగుతదా?” అన్నాడు. మళ్లీ తనే నవ్వి, “పెండ్లిపిల్లకు గూడ స్కేలు వెట్టి సూస్తవ్. గందుకే ఒక్కనివే ఉన్నవ్” అన్నాడు.

ఆదివారం వెళ్లాం. సన్నగా వాన. ఎడమచేతి గోళ్లు కత్తిరించుకుంటేనే తీగలు సరిగా నొక్కగలవని థామస్ ముందే చెప్పాడట. యాదగిరి వాటిని మొదలంటా కత్తిరించుకుని వచ్చి దారిలో ఆ వేళ్లు నాకు చూపించాడు.

గిటారు చేతిలోకి తీసుకున్నాను. ఒక కన్ను మూసి, తల వైపు నుంచి మెడ పొడవునా చూశాను. రెండు అంచులూ మెలిక లేకుండా సాగాయి. మెడ పెట్టెకు కలిసే చోట గోరుతో గీరి చూశాను. పగులు లేదు. ఇంతలో సైకిలుకు తాళం వేయడం మరిచానంటూ యాదగిరి బయటికి పోయాడు. అప్పుడు థామస్, వచ్చీరాని తెలుగులో, అసలు పరీక్ష నేర్పించాడు. బిగించిన తీగే స్కేలు. మెడ మీద అడ్డంగా వరసగా ఉండే లోహపు మెట్లలో, తల దగ్గరి మొదటి మెట్టు మీద ఒక వేలితోనూ, మెడ చివరి మెట్టు మీద ఇంకో వేలితోనూ తీగను నొక్కి పట్టాలి. నడుమ తీగ కింద కాగితమంత సందు ఉండాలి. మీటినప్పుడు తీగ ఊగుతుంది కదా, ఆ చోటు లేకపోతే మెట్లకు తగిలి గరగరమంటుంది. సందు మరీ ఎక్కువైతేనే మెడ వంగిందని, రిపేరు కావాలని అర్థం. నేను నొక్కి పట్టాను, ఆయన కాగితం ముక్క దూర్చాడు. సరిగ్గా పట్టింది. మెడ బాగుందని ఆయనకూ నాకూ తెలిసిపోయింది. చాయ్ తేవడానికి ఆయన లోపలికి వెళ్లాడు.

యాదగిరి తిరిగి వచ్చాడు. నేను తీగను అలాగే నొక్కి పట్టి, కన్ను దించి చూడమన్నాను.

చూశాడు. తీగ కింద సన్నని వెలుతురు. కంపెనీలో స్కేలు కింద వెలుతురు కనిపిస్తే ఏమవుతుందో అతనికి తెలుసు. ముఖం వాడిపోయింది. మెడ వంగిందని నేనింకా అనలేదు. ఉన్న వెలుతురే చూపించాను కదా అని ఎన్నేళ్లు నన్ను నేను సముదాయించుకున్నానో! కానీ దారిలో అన్నాను.

“రిపేరు గాదా అన్నా?”

“మెడ ఊడదీసి మళ్ల అతికియ్యాలె. ఈడ ఎవడు జేస్తడు?”

“జెరంతనే గదా కనవడ్డది.”

“షాఫ్టుకు జెరంత కనవడితే ఏం జేస్తం?”

అతను సైకిలును నీటిగుంట పక్కనుంచి నడిపించాడు. “గీత గొడ్తం” అన్నాడు. తర్వాత, “నువ్వు లేకుంటే మోసపోతుంటి అన్నా” అన్నాడు.

నేను మోస్తున్నది ఆ మాటనే.

థామస్ మనసు నొప్పించడం ఇష్టం లేక, ఇంట్లో వద్దన్నారని యాదగిరి ఆయనతో చెప్పాడట. దాంతో ఆయనకూ ఏమీ తెలియలేదు. సాయంత్రాలు నాకే మిగిలాయి. నేను ఎత్తు ఆలోచిస్తుంటే అతని ఎడమచేతి వేళ్లు బల్ల అంచును ఒకదాని తర్వాత ఒకటి నొక్కుతూ ఉండేవి. గోళ్లు చాలా రోజులు పొట్టిగానే ఉన్నాయి. ఒకనాడు చూస్తే పెరిగి ఉన్నాయి. ఆ ఆట నేనే గెలిచాను.

తర్వాత కంపెనీ వార్షికోత్సవంలో ఆ గిటారును చూశాం. అది కొనుక్కున్న కుర్ర వెల్డరు స్టేజీ మీద వాయిస్తున్నాడు. తీగలు గంటల్లా మోగుతున్నాయి. పక్కనుంచి యాదగిరి నా మోచేయి తట్టాడు. “గదే గిటారు గదా అన్నా! వంకర మెడతోని గూడ ఎంత మంచిగ వాయిస్తుండు సూడు. పోరడు గట్టోడే!” తన చెవులను కాదనుకున్నాడు కానీ నా మాటను అనుమానించలేదు. అప్పుడైనా చెప్పాల్సింది. నేను అందరితోపాటు చప్పట్లు కొట్టాను.

యాదగిరి పటేల్‌గూడలో ఇల్లు కట్టుకున్నాడు. దారి మారింది, రాకపోకలు పలచబడ్డాయి, ఆగిపోయాయి. గొడవేమీ లేదు. ఏ సాయంత్రాల కోసం అబద్ధమాడానో అవి ఎలాగూ పోయాయి. పోకుండా ఉంటే ఇది తప్పని ఒప్పుకునేవాణ్నా?

ఈమధ్య సంగారెడ్డిలో ఒక పెళ్లిలో కలిశాడు. “మా అన్న. ఈయన కన్నువడితే వంకర దాగది” అని తన అల్లుడికి నన్ను పరిచయం చేశాడు. నేను నవ్వాను. ఇప్పుడు చెప్పి అతనికేం ఇవ్వగలనని అనుకుంటూ ఇల్లు చేరాను. అది కూడా సాకే. పటేల్‌గూడకు బస్సులున్నాయి. నేను ఎక్కలేదు. ఎక్కుతానని ఇక్కడ రాయలేను.

కనీసం ఆ రోజు చెప్పాల్సిన మాటైనా రాస్తాను. చేతికి ఇప్పుడు కొంచెం తేలికగా ఉంది.

మెడ బాగుంది, యాదగిరీ. తీగ కింద ఉండాల్సిన వెలుతురే ఉంది. కొనుక్కో.